ఆఫీసు కుర్చీకి స్ప్రింగ్ టిల్ట్ మెకానిజం డిజైన్ చేయడం ఎలా

ఆఫీసు కుర్చీని వెనక్కి వాలనిచ్చి మళ్లీ నిటారుకు తెచ్చే స్ప్రింగ్ ఏర్పాటే టిల్ట్ మెకానిజం. దాని లావుపాటి నాబ్ ఒకటి సీటు కింద ముందువైపు ఉంటుంది. వెనక్కి వాలడం కష్టంగా ఉంటే దాన్ని వదులు చేయమంటారు, మరీ తేలిగ్గా వాలిపోతుంటే బిగించమంటారు. కొన్ని కుర్చీల దగ్గర ఈ సలహా అస్సలు పనిచేయదు. ఒక దశ వరకు ఎంత తిప్పినా మొండికేస్తాయి, ఇంకో రెండు చుట్లు వదులు చేయగానే మనిషిని అమాంతం వెనక్కి పడేస్తాయి, మధ్యలో హాయిగా ఆగే చోటంటూ దొరకదు. నాబ్ మార్చగలిగేది స్ప్రింగ్ మొదటి బిగింపు ఒక్కటే. కుర్చీ గుణాన్ని నిర్ణయించేది మాత్రం మనిషి వాలేకొద్దీ ఆ స్ప్రింగ్ బలం ఎంత వేగంగా పెరుగుతుందన్నది, దాన్ని డిజైన్ దశలోనే కాగితం మీద తేల్చుకోవాలి, తర్వాత ఏ నాబూ దాన్ని సరిచేయలేదు.

అందుకే ఇక్కడ లెక్కకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. భయపడాల్సిన పని లేదు, పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తుంటే చాలు. డిప్లొమా, బీటెక్ ప్రాజెక్టుగా చేసేవాళ్లకూ, సొంతంగా కుర్చీలు బిగించి అమ్మే ఫర్నిచర్ వాళ్లకూ, పాత కుర్చీ మెకానిజం ఎందుకలా ఉందో తెలుసుకోవాలనుకునేవాళ్లకూ ఇది ఉపయోగపడుతుంది.

ముందు ఒక విషయం. మన దగ్గర అందరూ హైడ్రాలిక్ అనే ఆ సిలిండర్‌లో ఉండేది అధిక పీడనంలో నింపిన నైట్రోజన్ వాయువు. దాని పని సీటు ఎత్తు పెంచడం, తగ్గించడం వరకే, వాలడానికీ దానికీ సంబంధం లేదు. కాబట్టి దాని జోలికి వెళ్లకండి. దానికి రంధ్రం వేయడం, దగ్గర్లో వెల్డింగ్ పెట్టడం, వేడి చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. సిలిండర్ పైకొన 28 మి.మీ. కోను ఆకారంలో ఉండి మెకానిజం అడుగున ఉన్న గూట్లో బిగుసుకుంటుంది. ఆ గూడును లేత్ మీద కొత్తగా తిప్పించే బదులు చవకరకం మెకానిజం ఒకటి కొని దాని గూడు ఉన్న భాగాన్ని వాడుకోండి. కోను వాలు కాస్త తేడా వచ్చినా కుర్చీ ఊగుతుంది, కొన్నాళ్లకు గూడు తొలిచేసినట్టవుతుంది.

ఇరుసు ఎక్కడ పెట్టాలి

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఇది. సీటు, వీపు కలిసి ఒకే ముక్కగా వాలే కుర్చీల్లో ఇరుసు రెండు చోట్ల పెడతారు. ఒకటి సీటు మధ్యకు దగ్గరగా, సిలిండర్‌కు కొంచెం ముందు. రెండోది బాగా ముందుకు, మోకాళ్ల దగ్గరికి.

మధ్యలో పెడితే తయారీ సులువు, చిన్న స్ప్రింగ్ సరిపోతుంది. కాకపోతే వెనక్కి వాలినప్పుడు సీటు ముందు అంచు పైకి లేస్తుంది. 450 మి.మీ. లోతున్న సీటుకు ఇరుసు ముందు అంచు నుంచి 231 మి.మీ. వెనక ఉందనుకోండి, 15 డిగ్రీలు వాలేసరికి ఆ అంచు దాదాపు 60 మి.మీ. లేస్తుంది. అంటే తొడల కింద నొక్కుకుంటుంది, పొట్టివాళ్ల కాళ్లు నేల వదిలేస్తాయి. గంటల తరబడి కూర్చునేవాళ్లకు ఇది నిజంగా ఇబ్బంది. ఇరుసును ముందు అంచుకు 60 మి.మీ. దగ్గరికి తెస్తే అదే 15 డిగ్రీలకు అంచు లేచేది 15, 16 మి.మీ. మాత్రమే. కాళ్లకు హాయి. కానీ మనిషి బరువంతా ఇరుసుకు చాలా వెనక పడుతుంది కాబట్టి స్ప్రింగ్ మోయాల్సిన మొదటి భారం నాలుగు రెట్లు దాటుతుంది, అందుకే ఆ రకంలో లావుపాటి స్ప్రింగులో, మెలిపడే ఉక్కు కడ్డీలో వాడతారు.

మొదటిసారి చేస్తుంటే మధ్య ఇరుసుతో మొదలుపెట్టండి. కింది లెక్కంతా దానికే.

మనిషి బరువు ఇరుసును ఎంత తిప్పుతుంది

75 కిలోల మనిషి కూర్చుంటే 75 కిలోలూ సీటు మీద పడవు. మోకాళ్ల కింది భాగం, పాదాలు కలిపి శరీర బరువులో సుమారు 12 శాతం, ఆ బరువు నేల మోస్తుంది. మిగిలేది 66 కిలోలు, అంటే దాదాపు 660 న్యూటన్లు. ఈ 66 కిలోల గరిమనాభి, అంటే ఆ బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు, ఎక్కడుందో తెలియాలి.

వీపు గీత (సీటు వెనక వీపు ఆనే చోటు) నుంచి ముందుకు ఎంత దూరంలో ఉందో ఇంట్లోనే కొలవచ్చు. గోడ పక్కన ఒక గుండ్రటి పైపు, దానికి 600 మి.మీ. ముందు బాత్రూమ్ తూకం మిషన్ పెట్టి, రెండింటి మీద గట్టి చెక్క పలక వేసి, పలక బరువు వరకు తూకాన్ని సున్నా చేసుకోండి. ఇప్పుడు వీపు గోడకు తగిలీ తగలనట్టు పలక మీద నిటారుగా కూర్చుని, పాదాలు మాత్రం పలకకు తగలకుండా వేరే పీట మీద పెట్టండి. తూకం 18.6 కిలోలు చూపించిందనుకుంటే 18.6 × 600 ÷ 66 = 169 మి.మీ. అదే మీ గరిమనాభి దూరం. మనుషులను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అయినా డిజైన్‌కు ఇది చాలు. ఎత్తు కొలవడం ఇంత సులువు కాదు, పెద్దవాళ్లకు సీటు మీద నుంచి సుమారు 310 మి.మీ. అనుకోండి, సీటు నుంచి ఇరుసుకు ఇంకో 70 మి.మీ. కలిపితే ఇరుసు నుంచి 380 మి.మీ. పైన.

మన ఇరుసు వీపు గీతకు 219 మి.మీ. ముందుంది. అంటే గరిమనాభి ఇరుసుకు 50 మి.మీ. వెనక, 380 మి.మీ. పైన ఉంది. ఈ రెండు అంకెలే మొత్తం డిజైన్‌కు ప్రాణం.

నిటారుగా కూర్చున్నప్పుడు టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం, 660 × 0.05 = 33 న్యూటన్ మీటర్లు. 15 డిగ్రీలు వాలాక ఆ 50 మి.మీ. దూరం పెరిగి 147 మి.మీ. అవుతుంది, ఎందుకంటే పైనున్న బరువంతా వెనక్కి జరిగింది. అప్పుడు టార్క్ 97 న్యూటన్ మీటర్లు. దాదాపు మూడు రెట్లు! వాలిన కొద్దీ శరీరమే తనను తాను ఇంకా వెనక్కి తోసుకుంటుంది, అరచేతిలో నిలబెట్టిన కర్ర ఒకసారి ఒరగడం మొదలుపెడితే ఇంకా ఇంకా ఒరిగినట్టు. స్ప్రింగ్ ఈ పెరుగుదలను అడుగడుగునా అందుకోవాలి. 33తో మొదలై 97తో ఆగాలి. అలా అందుకుంటేనే మనిషి ఏ కోణంలో వదిలేస్తే ఆ కోణంలో, దేన్నీ పట్టుకోకుండా, కాళ్లతో తన్నిపెట్టకుండా ఆగగలడు.

నాబ్ ఎక్కడ చేతులెత్తేస్తుంది

మామూలు ఏర్పాటు ఇలా ఉంటుంది. పై ప్లేటు సీటుకు, కింది బాడీ సిలిండర్‌కు బిగుస్తాయి, రెండింటినీ ఇరుసు కలుపుతుంది. ఇరుసుకు 90 మి.మీ. ముందు, పై ప్లేటు నుంచి పొడవాటి బోల్టు ఒకటి బాడీ అడుగు గుండా కిందికి దిగుతుంది. ఆ బోల్టు చుట్టూ బాడీ అడుగుకూ నాబ్ వాషర్‌కూ మధ్య స్ప్రింగ్ ఉంటుంది. మనిషి వెనక్కి వాలితే ప్లేటు ముందుభాగం లేస్తుంది, బోల్టు పైకి లాగబడుతుంది, స్ప్రింగ్ నలుగుతుంది. 15 డిగ్రీలకు బోల్టు కదిలేది సుమారు 23.6 మి.మీ.

75 కిలోల మనిషికి మొదట్లో 33 ÷ 0.09 = 367 న్యూటన్లు, చివర్లో 1075 న్యూటన్లు కావాలి. తేడా 708, దాన్ని 23.6తో భాగిస్తే 30. అంటే మి.మీ.కు 30 న్యూటన్ల స్ప్రింగ్, దాన్ని ముందే 12 మి.మీ. నొక్కి ఉంచాలి. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు అదే కుర్చీలో 100 కిలోల మనిషిని కూర్చోబెట్టండి. ఆయనకు 44తో మొదలై 129 న్యూటన్ మీటర్లతో ఆగాలి. నాబ్ బిగించి మొదలును 44కు తెచ్చాం, సరే, కానీ 15 డిగ్రీలకు మన స్ప్రింగ్ కలిపేది 64 మాత్రమే, మొత్తం 108. ఇరవై ఒకటి తక్కువ. ఒకసారి వాలడం మొదలైతే మధ్యలో ఎక్కడా ఆగదు, చివరి అడ్డు తగిలేదాకా వెళ్లిపోతుంది. చివర్లో ఆగేలా ఇంకా బిగిస్తే మొదట్లో కదలనే కదలదు, కాళ్లతో గట్టిగా తన్నాలి, తన్నాక మళ్లీ పరుగే.

50 కిలోల అమ్మాయికి కథ తిరగబడుతుంది. తనకు కావాల్సింది 22తో మొదలై 64.5తో ముగియడం. నాబ్ 22కు పెడితే చివర్లో స్ప్రింగ్ 86 చూపిస్తుంది, 15 డిగ్రీలు వాలడం తన వల్ల కాదు. పూర్తిగా వదులు చేస్తే స్ప్రింగ్ సున్నాతో మొదలై 64తో ముగుస్తుంది, తన బరువు దానికన్నా అన్నిచోట్లా ఎక్కువే, కూర్చోగానే కుర్చీ చివరిదాకా పడిపోతుంది.

కాబట్టి 50, 75, 100 కిలోల వాళ్లకు మి.మీ.కు 20, 30, 40 న్యూటన్ల చొప్పున మూడు వేర్వేరు స్ప్రింగులు కావాలి. నాబ్ ఈ అంకెను మార్చలేదు. చవక కుర్చీల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయని నా నమ్మకం.

అయితే దీనికి చక్కటి దారి ఒకటుంది. స్ప్రింగ్‌ను మార్చకుండా ఇరుసు నుంచి దాని దూరాన్ని మార్చండి. దూరం తగ్గితే రెండు రకాలుగా కలిసొస్తుంది: స్ప్రింగ్ నలిగేదీ తగ్గుతుంది, ఆ నలుగుడు ఇచ్చే తిప్పుడు బలమూ తగ్గుతుంది. అంటే ప్రభావం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. బరువు సగమైతే దూరం సగం చేయనక్కర్లేదు, 90ని 64 చేస్తే చాలు. మి.మీ.కు 40 న్యూటన్ల స్ప్రింగ్ ఒక్కటే తీసుకుని 100 కిలోలకు 90 మి.మీ. దగ్గర, 75కు 78 దగ్గర, 50కి 64 దగ్గర పెడితే ముగ్గురికీ బలం పెరిగే వేగం సరిపోతుంది. మొదటి బిగింపు 489 న్యూటన్ల దగ్గరే వదిలేసినా 50 కిలోల వాళ్లకు మొదట్లో 9 న్యూటన్ మీటర్లు మాత్రమే ఎక్కువ పడుతుంది, వీపు పైభాగంతో రెండు కిలోల బలం ఆనిస్తే కదులుతుంది. అది కూడా వద్దనుకుంటే నాబ్ రెండు చుట్లు వదులు చేస్తే చాలు. ఇప్పుడు నాబ్ తన పని తాను చేస్తుంది, చిన్న సర్దుబాటు, అంతే.

స్ప్రింగ్

కావాల్సింది మి.మీ.కు 40 న్యూటన్లు, 100 కిలోల మనిషి పూర్తిగా వాలినప్పుడు వచ్చే బలం 1433 న్యూటన్లు, మొత్తం నలుగుడు 36 మి.మీ. తీగ మందం 7 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 42 మి.మీ., పనిచేసే చుట్లు 8 తీసుకుందాం. స్ప్రింగ్ గట్టితనానికి సూత్రం తెలిసిందే: పైన ఉక్కు షియర్ మాడ్యులస్ (మెలిపెడితే లొంగకుండా నిలిచే గుణం) 79000ను తీగ మందం నాలుగో ఘాతంతో గుణించాలి, కింద 8ని చుట్టు వ్యాసం ఘనంతోనూ చుట్ల సంఖ్యతోనూ గుణించాలి. 79000 × 2401 ÷ (8 × 74088 × 8) = 40. సరిగ్గా కుదిరింది.

బలం తట్టుకుంటుందా? చుట్టు వ్యాసాన్ని తీగ మందంతో భాగిస్తే 6, దానికి వాల్ ఫ్యాక్టర్ (చుట్టు వంపు వల్ల పెరిగే ఒత్తిడిని కలిపే గుణకం) 1.25. ఒత్తిడి 8 × 1433 × 42 × 1.25ను 3.14 × 343తో భాగిస్తే చదరపు మి.మీ.కు సుమారు 560 న్యూటన్లు. తీగ టెన్సైల్ బలం (లాగితే తెగేలోపు తట్టుకునే ఒత్తిడి) 1400 ఉంటే, దానిలో 45 శాతం దాటకూడదనుకుంటే హద్దు 630, మనం దాని లోపలే ఉన్నాం. ఐఎస్ 4454 అనే భారత ప్రమాణం ప్రకారం వచ్చే స్ప్రింగ్ తీగ అడగండి, టెస్ట్ సర్టిఫికెట్‌లో టెన్సైల్ అంకె 1400 దాటిందో లేదో మీరే చూడండి, షాపువాళ్ల నోటిమాట మీద వదలకండి.

చివరి చుట్లు రెండూ మూసి గ్రైండింగ్ చేయించాలి, అప్పుడు మొత్తం చుట్లు 10, పూర్తిగా నలిగితే ఎత్తు 70 మి.మీ. విడిగా ఉన్నప్పుడు పొడవు 115 పెట్టుకుంటే 36 నలిగాక కూడా 9 మి.మీ. మిగులుతుంది. ఆ మిగులు తప్పనిసరి, చుట్లు ఒకదానికొకటి తగిలేలోపే కుర్చీ అడ్డు తగలాలి. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చిన్న వర్క్‌షాపుల్లో వాకబు చేస్తే స్ప్రింగులు చుట్టేవాళ్లు దొరుకుతారు. వాళ్లకు ఇవ్వాల్సిన కాగితంలో తీగ 7, బయటి వ్యాసం 49, మొత్తం చుట్లు 10, విడి పొడవు 115 అని రాసి, చుట్టాక స్ట్రెస్ రిలీవింగ్ (కొద్దిగా వేడిచేసి, చుట్టడంలో పుట్టిన లోపలి ఒత్తిడి తీసేయడం) చేయమనీ, నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదిలాకే పొడవు కొలవమనీ రాయండి. కొత్త స్ప్రింగ్ మొదటిసారి నొక్కితే కొంచెం కూర్చుంటుంది, ఆ కూర్చోవడం మీ కుర్చీలో జరగకూడదు. మెరుస్తుందని జింక్ ప్లేటింగ్ వేయించకండి. ప్లేటింగ్ తొట్టెలో గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతుంది, వెంటనే బేకింగ్ చేయకపోతే కొన్నాళ్లకు తీగ ఉన్నట్టుండి విరుగుతుంది. నల్ల పెయింటో పౌడర్ కోటింగో చాలు.

బిగించే పని

దూరం మూడు చోట్ల మార్చాలన్నాం కదా, 64, 78, 90 దగ్గర మూడు రంధ్రాలు వేద్దామని వెంటనే అనిపిస్తుంది. 12 మి.మీ. బోల్టు ఆడడానికి 14 మి.మీ. రంధ్రం కావాలి, మధ్య దూరాలు 14, 12 మాత్రమే, రంధ్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే పై ప్లేటులోనూ బాడీ అడుగులోనూ 14 మి.మీ. వెడల్పు పొడవాటి గాడి కోయించండి. పై ప్లేటు గాడి మీద 5 మి.మీ. ఉక్కు పట్టీ ఒకటి వెల్డింగ్ చేసి దానిలో ఆ మూడు దూరాల దగ్గర లోతు తక్కువ పల్లాలు తీయండి. బోల్టు తల కింద అడుగు ఉబ్బుగా, గుండ్రంగా ఉన్న వాషర్ వేస్తే అది పల్లంలో కూర్చుంటుంది, స్ప్రింగ్ బిగింపే దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. ఈ గుండ్రటి వాషర్‌తో ఇంకో లాభం ఉంది. ప్లేటు 15 డిగ్రీలు తిరిగినప్పుడు బోల్టు పైకొన దాదాపు 3 మి.మీ. ఇరుసు వైపు జరుగుతుంది, చదును వాషర్ అయితే బోల్టు వంగుతుంది, మెడ దగ్గర పగులు మొదలయ్యేది అక్కడే. స్థానం మార్చాలంటే కుర్చీ నిటారుగా ఉండాలి, నాబ్ పూర్తిగా వదులు చేయాలి, బోల్టును కొంచెం ఎత్తి పక్క పల్లంలోకి జరపాలి. ఎవరి కుర్చీ వాళ్లదే అయిన ఆఫీసులో ఇది ఒక్కసారి చేసుకుంటే చాలు.

బోల్టు పొడవు విషయంలో ఒక నియమం ఉంది, దీన్ని మాత్రం వదలొద్దు. స్ప్రింగ్ తన పూర్తి 115 మి.మీ. పొడవుకు వచ్చేసరికి కూడా నాబ్ నట్టు ఇంకా మర మీదే ఉండాలి, కనీసం ఆరేడు చుట్లు. బోల్టు పొట్టిగా ఉంటే విప్పేవాళ్ల ముఖం మీదికి నట్టు, వాషర్, స్ప్రింగ్ ఒకేసారి దూసుకొస్తాయి. నాబ్ ఊడి రాకుండా బోల్టు కొసన చిన్న పిన్ను కూడా వేయండి. వేలాడే స్ప్రింగ్ చుట్టూ 63 మి.మీ. పీవీసీ పైపు ముక్క ఒకటి తొడిగితే చున్నీ అంచులు, పిల్లల వేళ్లు చుట్ల మధ్య పడవు. పైపును బాడీ అడుక్కే బిగించండి, నాబ్ లోపలికి కదిలేలా 30 మి.మీ. పొట్టిగా కోయండి.

ఇరుసు మీద పడేది మనిషి బరువు ఒక్కటే కాదు, స్ప్రింగ్ లాగుడు కూడా అదే దిశలో కలుస్తుంది. 100 కిలోల మనిషికి 880 + 1433, అంటే 2300 న్యూటన్లకు పైనే, ధబీమని కూలబడినప్పుడు క్షణకాలం దానికి రెట్టింపు మించుతుంది. ఈఎన్ 8 రకం ఉక్కు బ్రైట్ కడ్డీ 16 మి.మీ.ది, రెండు వైపులా 20 మి.మీ. పొడవున్న నైలాన్ లేదా డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు పెట్టండి. ఉక్కు మీద ఉక్కు వద్దు, నెలలో కిర్రుమనడం మొదలవుతుంది. ప్లేట్లు 3 మి.మీ. షీట్, అంచులు మడిచినవి. చదును ప్లేటు వంగుతుంది, మడిచిన అంచే దాని బలం. సీటు ప్లైలో టీ నట్లు (చెక్కలో దిగి పట్టుకునే పళ్లున్న నట్లు) వేయండి, చెక్క మరలు ఈ కుదుపులకు ఆగవు.

అడ్డు రెండు వైపులా కావాలి. నిటారు దగ్గర ఒకటి, 15 డిగ్రీల దగ్గర ఒకటి, రెండింటికీ గట్టి రబ్బరు దిమ్మ. నిటారు అడ్డును చాలామంది పట్టించుకోరు, కానీ రోజంతా 489 న్యూటన్ల బిగింపు దాని మీదే ఆనుతుంది, మనిషి లేచిన ప్రతిసారీ సీటు వచ్చి కొట్టేది దాన్నే.

కుర్చీని ఒక కోణంలో పట్టి ఉంచే పిన్ను లాక్, దాన్ని వదిలించే లివర్ పెడితే ఇంకో జాగ్రత్త. వాలిన స్థితిలో లాక్ చేసి మనిషి ముందుకు వంగాక లివర్ వదిలితే, 1400 న్యూటన్ల స్ప్రింగ్ వీపును ఒక్క దెబ్బతో ముందుకు విసురుతుంది. దీనికి మందు సులువే. లివర్ పిన్నును నేరుగా లాగకూడదు, లివర్‌కూ పిన్నుకూ మధ్య ఒక మెత్తటి చిన్న స్ప్రింగ్ ఉండాలి. పిన్ను మీద పెద్ద స్ప్రింగ్ ఒత్తిడి ఉన్నంతసేపు రాపిడి వల్ల చిన్న స్ప్రింగ్ దాన్ని లాగలేదు. మనిషి వీపు ఆనించి ఒత్తిడి తగ్గించిన క్షణంలో పిన్ను దానంతటదే జారి బయటికొస్తుంది. ఖరీదు పది రూపాయల స్ప్రింగ్, కాపాడేది తల.

కొలిచి చూసుకోవడం

బిగించాక కూర్చుని బాగుంది అనుకుని వదిలేయొద్దు, లగేజీ తూచే కొక్కెం తూకం తెచ్చుకోండి. ఇరుసు నుంచి 500 మి.మీ. ఎత్తున వీపుకు తాడు కట్టి, ఫోన్‌ను సీటు మీద పెట్టి కోణం చూపించే యాప్ తెరిచి, తూకాన్ని వీపుకు లంబంగా వెనక్కి లాగండి. 90 మి.మీ. స్థానంలో ఖాళీ కుర్చీ సుమారు 9 కిలోల దగ్గర కదలాలి, 5 డిగ్రీలకు 14.5, 10కి 20, 15కి 26 కిలోలు చూపించాలి. తర్వాత మెల్లగా వదులుతూ అవే కోణాల దగ్గర మళ్లీ రాసుకోండి, ఈసారి అంకెలు తక్కువొస్తాయి. వెళ్లేటప్పటి, వచ్చేటప్పటి అంకెల సగటు మీ స్ప్రింగ్, తేడాలో సగం మీ రాపిడి. రాపిడి ఒకటి, ఒకటిన్నర కిలో ఉంటే మంచిదే, లెక్కలో మిగిలిన చిన్న చిన్న తేడాలను అదే మింగేసి మనిషిని ఉన్నచోట నిలబెడుతుంది. మూడు కిలోలు దాటితే బుష్ పట్టేస్తోందనో ఇరుసు రంధ్రాలు ఒకే గీతలో లేవనో అర్థం. సగటు అంకెలు మొదట్లో సరిపోయి చివర్లో బాగా తక్కువగా ఉంటే స్ప్రింగ్ చుట్లు ఎక్కువ పడ్డాయి, అన్నిచోట్లా ఒకేలా తక్కువగా ఉంటే బిగింపు తక్కువైంది.

వెనక్కి బోల్తా పడదా అని అందరూ అడుగుతారు. 15 డిగ్రీల దగ్గర గరిమనాభి ఇరుసుకు 147 మి.మీ. వెనక ఉంటుంది, సిలిండర్ ఇరుసుకు 35 మి.మీ. వెనక ఉందనుకుంటే సిలిండర్‌కు 112 వెనక. 320 మి.మీ. చేతులున్న ఐదు కాళ్ల స్టాండుకు రెండు చక్రాల మధ్య గీత సిలిండర్ నుంచి 259 మి.మీ. దూరం, చక్రాలు లోపలికి తిరిగితే ఇంకో 20 తగ్గుతుంది. ఇబ్బంది లేదు. నాలుగు కాళ్లయితే ఆ 259 కాస్తా 226 అవుతుంది, ఆఫీసు కుర్చీలకు ఐదు కాళ్లు పెట్టడానికి కారణం ఇదే. ఇరుసును వెనక్కి జరిపినా, కోణం పెంచినా ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

సింక్రో కావాలంటే

ఇది కుదిరాక తర్వాతి మెట్టు సీటు ఒక డిగ్రీ వాలితే వీపు రెండు డిగ్రీలు వాలే సింక్రో మెకానిజం. కాళ్లు నేల మీదే ఉంటాయి, తుంటి కోణం తెరుచుకుంటుంది, రోజంతా కూర్చునేవాళ్లకు దీనికి మించింది లేదు. నిష్పత్తి కుదర్చడం అనుకున్నంత కష్టం కాదు. వీపు చేయి బాడీ మీద ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది, ఆ ఇరుసుకు 110 మి.మీ. వెనక అదే చేతికి సీటు వెనకభాగాన్ని పిన్నుతో కలపండి, సీటు ముందుభాగాన్ని బాడీ మీద అడ్డంగా ఉన్న గాడిలో జారనివ్వండి. ముందు గాడికీ వెనక పిన్నుకూ మధ్య 220 మి.మీ. ఉంటే వీపు 20 డిగ్రీలు వాలినప్పుడు సీటు 10 దగ్గరగా వాలుతుంది. 110ని 220తో భాగిస్తే వచ్చేదే మీ నిష్పత్తి. స్ప్రింగ్ లెక్క మాత్రం కొత్తగా వేయాలి, ఎందుకంటే ఇప్పుడు తొడల బరువు ఒక కోణంలో, వీపు బరువు ఇంకో కోణంలో తిరుగుతున్నాయి. అట్టముక్కల మీద గుండుసూదులతో నమూనా చేసి ప్రతి రెండు డిగ్రీలకూ టార్క్ రాసుకుంటూ వెళ్తే తేలిపోతుంది.

అమ్మకానికి చేస్తున్నట్టయితే వర్క్ చైర్లకు భారత ప్రమాణాల సంస్థ బిఐఎస్ 2022లో తెచ్చిన ఐఎస్ 17631 తెప్పించుకుని, సర్టిఫికేషన్ నిబంధనలేమిటో బిఐఎస్ కార్యాలయంలోనే కనుక్కోండి. అమెరికాలో వాడే, బిఫ్మా అనే ఫర్నిచర్ తయారీదారుల సంఘం ఎక్స్5.1 ప్రమాణంలో టిల్ట్ మెకానిజాన్ని 3 లక్షల సార్లు వాల్చి లేపుతారు. నిమిషానికి 20 సార్ల చొప్పున అది 250 గంటల పని, వైపర్ మోటారుకు ఒక క్రాంక్ చేయి తగిలించి, సీటు మీద ఇసుక బస్తాలు కట్టి వర్క్‌షాపు మూలన పెడితే పది, పదకొండు రోజుల్లో అయిపోతుంది. మధ్యలో రోజూ ఒకసారి ఆపి మూడు చోట్ల చూడండి: బోల్టు మెడ, ఇరుసు రంధ్రాల అంచులు, గూడు చుట్టూ ఉన్న వెల్డింగ్. పగుళ్లు ముందు ఎక్కువగా ఈ మూడు చోట్లే వస్తాయి, తెల్ల సుద్ద పూసి పెడితే వెంట్రుక వాసి పగులు కూడా నల్ల గీతలా కనిపిస్తుంది.